నల్ల పొడికి బదులు ఏ పొడి? మజిల్‌లోడర్ మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు

దీపావళి అటూ ఇటూ అయ్యేసరికి ఏటా నాకు ఫోన్లు మొదలవుతాయి. మజిల్‌లోడర్ అంటే పొడినీ గుండునీ మూతినుంచి దట్టించి కాల్చే పాతకాలం పద్ధతి తుపాకీ. ఒహాయోలో జనవరి మొదట్లో నాలుగు రోజులు దానితో జింకల వేట సీజన్ ఉంటుంది. అంతకు రెండు నెలల ముందు ఎవరో ఒకరు కొత్తగా తుపాకీ కొని, షాపులో పొడి డబ్బాల ముందు నిలబడి, ఫొటో తీసి పంపి "అన్నా, వీటిలో ఏది?" అని అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇదంతా ఒకచోట రాస్తున్నాను. నేను తుపాకులు బాగుచేసేవాణ్ణి కాదు. పన్నెండేళ్లుగా కాలుస్తూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నవాణ్ణి. మీ తుపాకీతో వచ్చిన పుస్తకంలో ఉన్నదానికీ నేను చెప్పినదానికీ తేడా వస్తే పుస్తకం మాటే వినండి.

అసలు ఈ సబ్‌స్టిట్యూట్ అంటే ఏంటి? అసలుది ఉండగా బదులుది ఎందుకు?

ముందు పేరు సంగతి. బ్లాక్ పౌడర్‌ని తెలుగులో "నల్లమందు" అనకండి, అది ఇంకో సరుకు, పోలీసులు వేరే సెక్షన్ కింద పట్టుకెళ్తారు. "గన్‌పౌడర్" అందామంటే అమెరికాలో ఇడ్లీ తినేవాళ్లందరికీ అది నెయ్యేసుకుని నంజుకునే కారప్పొడి. అందుకే ఇక్కడ నల్ల పొడి అంటాను.

సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఆ పాత నల్ల పొడిని అమెరికా చట్టం పేలుడు పదార్థంగానే చూస్తుంది. అమ్మే షాపుకి వేరే లైసెన్సు కావాలి, నిల్వ చేయడానికి నిబంధనల ప్రకారం కట్టిన గది కావాలి. పురాతన రకం తుపాకుల్లో సరదాకీ ఆటకీ వాడుకునేవాళ్లకి 50 పౌండ్ల దాకా ఫెడరల్ మినహాయింపు ఉంది కానీ, అమ్మేవాడికి ఆ వెసులుబాటు లేదు. దాంతో మామూలు స్పోర్ట్స్ షాపులు దాని జోలికే పోవు. బదులు పొడులు అంత సులువుగా అంటుకోవు, వాటిని మామూలు తుపాకీ ప్రొపెలెంట్ల వరసలో అమ్మొచ్చు. మీకు షెల్ఫు మీద కనిపించేవి ఇవే కావడానికి అదే కారణం.

ఇంకోటి, అసలు నల్ల పొడి తయారుచేసేవాళ్లు బహు కొద్దిమంది. గోయెక్స్ వాళ్ల లూసియానా మిండెన్ ప్లాంట్‌లో 2021లో పేలుడు జరిగింది, ఆ ఏడాది చివర్లో ప్లాంటు మూసేస్తున్నామన్నారు. 2022లో ఎస్టెస్ ఎనర్జెటిక్స్ దాన్ని కొనుక్కుంది. పిల్లలు ఎగరేసే మోడల్ రాకెట్ల ఎస్టెస్ ఉంది చూశారూ, ఆ బంధువర్గమే. ఆ మధ్యలో నల్ల పొడి కోసం జనం పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

సోది వద్దు, ఏది కొనాలో ఒక్క ముక్కలో చెప్పండి.

మీ తుపాకీలో నిప్పు ఎక్కడినుంచి వస్తుందో చెప్పండి, పొడి పేరు నేను చెప్తాను.

చెకుముకి రాయి అయితే అసలు నల్ల పొడి. 11వ నంబరు క్యాపు లేదా మస్కెట్ క్యాపు (సుత్తి దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న లోహపు మూతలు) అయితే పైరోడెక్స్ లేదా ట్రిపుల్ సెవెన్, విడి పొడి రూపంలో. 209 షాట్‌గన్ ప్రైమర్ (షాట్‌గన్ తూటాల్లో నిప్పు పుట్టించే బిళ్ల) అయితే పైవాటిలో ఏదైనా సరే, లేదంటే బ్లాక్‌హార్న్ 209.

చాలామంది డబ్బా మీద సెకనుకి ఎన్ని అడుగుల వేగం అని రాసుంటే అది చూసి కొంటారు. సంబంధం చూసేటప్పుడు జీతం ఒక్కటే అడిగినట్టు ఉంటుంది అది. నిప్పు సరిగ్గా అంటుకోని పొడి ఎంత వేగం ఇస్తే ఏం లాభం, జింక నిలబడి చూస్తుంది, మీరు "టిక్" అన్న చప్పుడు వింటారు. నిప్పు తర్వాత చూడాల్సింది మీ రాష్ట్రం రూలు. ఆ తర్వాత చూడాల్సింది, నిజాయితీగా చెప్పాలంటే, మీ బద్ధకం. కాల్చిన రోజు రాత్రే తుపాకీ కడిగే మనిషా మీరు, కాదా?

పైరోడెక్స్ పాతబడిపోయింది అంటారు, నిజమేనా?

పాతదే. డాన్ పాలక్ అనే ఆయన 1970ల్లో తయారుచేసిన పొడి ఇది, చాలాచోట్ల దొరికే బదులు పొడుల్లో పెద్దన్న లాంటిది. 1977 జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రం ఇసాక్వాలో దాన్ని తయారుచేసే చోటే పేలుడు జరిగి, తోటి పనివాళ్లతో పాటు ఆయనా పోయాడు. తర్వాత హాడ్జ్‌డన్ కంపెనీ కాన్సాస్‌లో ప్లాంటు కట్టి దాన్ని నిలబెట్టింది. "బదులు పొడే కదా, ఏమీ కాదులే" అనేవాళ్లకి నేను ముందు ఈ కథే చెప్తాను.

ఆర్‌ఎస్ అని రాసున్న డబ్బా రైఫిల్‌కీ షాట్‌గన్‌కీ, పి అని ఉన్నది పిస్టల్‌కి. గుణం మంచిది: మామూలు క్యాపులతోనూ బాగానే అంటుకుంటుంది, కొలత నల్ల పొడి కొలతే, ధర అందుబాటులో ఉంటుంది. దోషం కూడా చెప్పాలి: మిగిల్చే మసి. గంధకం ఉంటుంది కాబట్టి కడిగేటప్పుడు మురిగిన కోడిగుడ్డు వాసన. పెర్‌క్లోరేట్ కూడా ఉంటుంది, అది కాలాక మిగిలేది ఉప్పు జాతి. ఇనుము మీద ఉప్పు చల్లి, గాలిలో తేమ తగిలేలా వదిలేస్తే ఏమవుతుందో మనవాళ్లకి చెప్పాలా? దాని సంగతి కింద కడగడం దగ్గర వివరంగా చెప్తాను, నా సొంత అనుభవం ఉంది.

ట్రిపుల్ సెవెన్‌కీ దీనికీ తేడా?

అదీ హాడ్జ్‌డన్ వాళ్లదే, కానీ గంధకం లేదు. వాసన రాదు, ఉత్త నీళ్లతో కడిగితే పోతుంది. ఇంట్లో భార్య "ఆ కంపు కొట్టే పని గరాజ్‌లో చేసుకో" అనే కొంపల్లో ఇదొక్కటే చాలు మార్కులు వేయడానికి.

కానీ ఇది కాస్త ఘాటు. గ్లాసుకి గ్లాసు పోస్తే నల్ల పొడి కంటే దాదాపు 15 శాతం ఎక్కువ శక్తి ఇస్తుంది. అందుకే నల్ల పొడి 100 గ్రెయిన్లు (ఈ కొలత సంగతి కింద చెప్తాను) పోసే చోట ఇది 85 పోస్తే అదే ఫలితం. పాత తుపాకీ, తాతగారి తుపాకీ అయితే ఈ తగ్గింపు మర్చిపోకండి.

రెండో తలనొప్పి మసి కట్టు. నేను మొదటిసారి దీన్ని రేంజ్‌కి, అంటే గురి సాధన చేసే చోటికి, తీసుకెళ్లినప్పుడు మొదటి గుండు హాయిగా దిగింది, రెండోది కొంచెం బిగుతు, మూడోది అడుగు దాకా వెళ్లి సరిగ్గా పొడి పైన ఓ అంగుళం ఎత్తులో ఆగిపోయింది. రామ్‌రాడ్ (గుండుని లోపలికి తోసే కడ్డీ) మీద నేను ముందే గీత గీసుకున్నాను, ఆ గీత బ్యారెల్ మూతి పైన అంగుళం ఎత్తులో నిలబడి నన్నే చూస్తోంది. పొడికీ గుండుకీ మధ్య ఖాళీ ఉంచి కాలిస్తే బ్యారెల్ ఉబ్బొచ్చు, చీలొచ్చు. రెండు చేతులతో రాడ్ పట్టుకుని, తల పక్కకి పెట్టి, నెమ్మదిగా ఒత్తిడి పెంచుతూ పోతే ఆఖరికి "గ్రక్" మని దిగింది. లోపల పొడి మండే చోట గాజులా గట్టిపడిన ఒక ఉంగరం తయారవుతుంది, అడ్డం పడింది అదే.

మందు ఏంటంటే, ప్రతి షాటుకీ మధ్య తడి ప్యాచ్ (చిన్న గుడ్డముక్క) ఒకటి, తడి లేని ప్యాచ్ ఒకటి తిప్పడం. తడికి నీళ్లు లేకపోతే ఉమ్మి కూడా పనిచేస్తుంది, ఎవరూ చూడకుండా కానివ్వండి. మజిల్‌లోడర్ల కోసమే చేసిన కాస్త నెమ్మదైన 209 ప్రైమర్లు వాడితే కట్టు తగ్గుతుంది. రామ్‌రాడ్ మీద గీత మాత్రం ఏ పొడి వాడినా ఉండాల్సిందే. పొడి, గుండు పూర్తిగా దిగినప్పుడు ఒక గీత, ఖాళీ బ్యారెల్‌కి ఒక గీత. లోపల మందు దట్టించి ఉందో లేదో చూసుకోడానికి ఈ రెండో గీతే దిక్కు.

బ్లాక్‌హార్న్ 209 అంత ధర పెట్టి కొనాలా?

బద్ధకస్తులైతే కొనండి. నేను కొన్నాను.

2008 ప్రాంతంలో మోంటానాలోని వెస్టర్న్ పౌడర్స్ వాళ్లు తెచ్చారు, 2020లో అది కూడా హాడ్జ్‌డన్ గూటికే చేరింది. దీని పుట్టుక వేరు, నైట్రోసెల్యులోజ్ ఆధారంగా చేసిన పొడి. అందుకే తేమ పీల్చదు, మసి బహు తక్కువ, ఇనుముని తినదు. మధ్యలో ప్యాచ్ తిప్పకుండా వరసగా పది పన్నెండు కాల్చినా గుండు ఒకేలా దిగుతుంది. సాయంత్రం చలిలో వణుక్కుంటూ ఇంటికొచ్చి, అన్నం తిని పడుకుని, మర్నాడు కడిగినా కొంప మునగదు. అలాగని నెలల తరబడి వదిలేయమని కాదు.

ఇక షరతులు. 209 ప్రైమర్ తప్ప ఇంకేదీ దీన్ని వెలిగించలేదు, అది కూడా పూర్తి శక్తి ఉన్న మామూలు షాట్‌షెల్ ప్రైమర్. పైన ట్రిపుల్ సెవెన్‌కి నెమ్మదైన ప్రైమర్లు మంచివన్నాను కదా, అవి దీనికి పనికిరావు. ఒక షాపులో కౌంటర్ దగ్గర కుర్రాడు "మజిల్‌లోడర్‌కి కదా, ఇవే తీసుకోండి" అని ఆ నెమ్మదైనవే చేతిలో పెట్టాడు, నేను అడక్కుండా తెచ్చుకున్నాను. ఆ శనివారం అయిదు సార్లు ట్రిగ్గర్ నొక్కితే రెండు ఆలస్యంగా పేలాయి, ఒకటి పేలనే లేదు. తప్పు పొడిది అనుకుని వారం రోజులు తిట్టుకున్నాను.

రెండో షరతు బ్రీచ్ ప్లగ్, అంటే బ్యారెల్ వెనక భాగాన్ని మూసే మర బిరడా. కొన్ని తుపాకుల ప్లగ్‌లో ప్రైమర్ మంట పొడిని నేరుగా తగలదు, అలాంటివాటికి ఈ పొడి కోసమే చేసిన ప్లగ్ విడిగా అమ్ముతారు. సీవీఏ అనే తుపాకుల కంపెనీ వాళ్లవి కొన్ని మోడళ్లకి ఉన్నాయి. ప్లగ్‌లోని సన్న గొట్టంలో మసి గట్టిగా పేరుకుంటుంది, దాన్ని 1/8 అంగుళం డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పి గీకేస్తారు. మెషీన్ పెట్టకండి, రంధ్రం పెద్దదైతే ప్లగ్ పారేయాలి.

కడగడానికి నీళ్లు పనికిరావు, మామూలు రైఫిల్‌కి వాడే బోర్ సాల్వెంట్ కావాలి. పైరోడెక్స్ అలవాటున్నవాళ్లు దీన్ని వేణ్నీళ్లతో కడిగి "ఏం పోవట్లేదేంటి" అని ఫోన్ చేస్తారు.

నాది చెకుముకి తుపాకీ. బదులు పొడి అసలు పనికిరాదా?

పళ్లెంలో వేసే సన్నపొడి, పాతకాలం వాళ్లు రంజకం అనేవారే, అది కచ్చితంగా అసలు నల్ల పొడే ఉండాలి. రాయి కొట్టిన నిప్పురవ్వకి అంటుకునే గుణం దానికే ఉంది. బ్యారెల్ అడుగున కొద్దిగా నల్ల పొడి వేసి పైన బదులు పొడి పోసే పద్ధతి ఒకటి కొందరు చెప్తారు. రెండు రకాలు కలపడం నాకు ఇష్టం ఉండదు, చెప్పను. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత ప్రత్యేకంగా చెకుముకి తుపాకుల సీజన్ ఉంటుంది, 1974 నుంచీ ఉంది. అక్కడికి వెళ్లాలని సరదా ఉంటే సెప్టెంబరులోనే నల్ల పొడి వెతకడం మొదలుపెట్టండి.

విడి పొడా, పెల్లెట్లా?

పెల్లెట్ అంటే పొడిని మాత్రలా బిగించినది. 50 గ్రెయిన్ల మాత్రలు రెండు వేస్తే 100. చేతులు గడ్డకట్టే చలిలో, చీకట్లో, చెట్టుమీద కూర్చుని రెండోసారి మందు దట్టించాలంటే దీనంత సుఖం లేదు. కానీ అరమాత్ర వేయడానికి ఇదేమీ జ్వరం బిళ్ల కాదు, విరిచి వేయకూడదు. మీ తుపాకీకి 85 గ్రెయిన్లు బాగా కుదిరితే పెల్లెట్లతో అది కుదరదు. గురి సరిచూసుకోవాలని పట్టుదల ఉన్నవాళ్లు విడి పొడే వాడతారు, నేనూ అంతే.

పైరోడెక్స్ పెల్లెట్‌కి ఒక వైపు ముదురు నల్లగా ఉంటుంది, అక్కడ అంటించడానికి నల్ల పొడి పూత ఉంటుంది. ఆ వైపు కిందకి, అంటే ప్రైమర్ వైపుకి ఉండాలి. ట్రిపుల్ సెవెన్ పెల్లెట్లకి ఈ తల, తోక గొడవ లేదు.

గ్రెయిన్ అంటే తూకమా, కొలతా? త్రాసు మీద తూచి పోయొచ్చా?

ఈ ఒక్క ప్రశ్న సరిగ్గా అర్థం చేసుకుంటే మిగతా పేజీ చదవకపోయినా ఫర్వాలేదు.

గ్రెయిన్ అసలు తూకమే. పౌండుకి 7000 గ్రెయిన్లు. కానీ మజిల్‌లోడర్ వాళ్లు "100 గ్రెయిన్లు" అంటే "100 గ్రెయిన్ల నల్ల పొడి పట్టేంత చోటు" అని. ఇత్తడి కొలత గొట్టం మీద గీతలన్నీ ఆ లెక్కలోవే. ఒకే గ్లాసుతో ఒకసారి బియ్యం, ఒకసారి అటుకులు కొలిచారనుకోండి. గ్లాసు అదే, త్రాసు మీద పెడితే అటుకులు తేలిక. బదులు పొడులు అటుకుల్లాంటివి. పైరోడెక్స్ నల్ల పొడి కంటే దాదాపు 30 శాతం తేలిక. అలా చేశారు కాబట్టే పాత గొట్టంతోనే కొలవొచ్చు.

ఇప్పుడు ఇంజనీరు బుర్ర ఉన్న మనవాడు ఒకడు డిజిటల్ త్రాసు కొని, బ్లాక్‌హార్న్ 100 గ్రెయిన్లు తూచి పోశాడనుకుందాం. ఈ పొడికి కొలతని 0.7తో గుణిస్తే తూకం వస్తుంది, అంటే 100 కొలతకి 70 తూకం. వాడు తూచిన 100 ఎంత కొలత అవుతుంది? 140 దాటింది. ఆ పొడికి తయారీదారు చెప్పిన గరిష్ఠం 120. "కచ్చితంగా ఉండాలని తూచాను అన్నా" అంటాడు పాపం. తూచడం తప్పు కాదు, నేను కూడా బ్లాక్‌హార్న్ తూచే పోస్తాను, కానీ 70 దగ్గర ఆగుతాను. ఒక పొడి లెక్క ఇంకో పొడికి పెట్టకండి, ఒక్కోదాని బరువు ఒక్కోలా ఉంటుంది.

మరి ఎంత పోయాలి?

తుపాకీ పుస్తకంలో గరిష్ఠం ఉంటుంది, దాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. 50 క్యాలిబర్ ఇన్‌లైన్‌లో (ప్రైమర్ సరిగ్గా పొడి వెనకే ఉండే కొత్తరకం మజిల్‌లోడర్) మూడు పెల్లెట్లు, 150 గ్రెయిన్లు అని కొన్ని ప్రకటనల్లో చూస్తారు. మూడోది ఎక్కువగా భుజానికీ పొగకీ పోతుంది. ఇక్కడి అడవుల్లో జింక 60, 80 గజాల్లో కనిపిస్తుంది, దానికి 80 నుంచి 100 కొలత చాలా ఎక్కువే. 80తో మొదలుపెట్టి అయిదేసి గ్రెయిన్లు పెంచుతూ, మూడేసి గుళ్లు కాల్చి చూస్తే ఎక్కడో ఒకచోట మూడూ దగ్గర దగ్గరగా పడతాయి. అదే మీ తుపాకీ మాట.

ఇంట్లో ఇప్పటి తూటాల్లో వాడే మామూలు స్మోక్‌లెస్ పౌడర్ ఉంది. బ్లాక్‌హార్న్ కూడా అలాంటిదే అంటున్నారుగా, అది పోయొచ్చా?

వద్దు. వద్దంటే వద్దు. స్మోక్‌లెస్ పొడి ఒత్తిడి వేరు, మామూలు మజిల్‌లోడర్ బ్యారెల్ దానికి నిలవదు, చేతివేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. దానికోసమే తయారైన తుపాకులు కొన్ని ఉన్నాయి, సావేజ్ 10ఎంఎల్-2 అలాంటిది. మీ బ్యారెల్ మీద ఆ అనుమతి చెక్కి లేకపోతే మీది అలాంటిది కాదు. నైట్రోసెల్యులోజ్ ఉన్నంతమాత్రాన రెండూ ఒకటి కావు, బ్లాక్‌హార్న్‌ని నల్ల పొడి కొలతకి సరిపడేలా చేశారు, ఆ మామూలు పొడిని అలా చేయలేదు.

కడగడం నిజంగా అంత పెద్ద పనా?

ఎనిమిదేళ్ల కిందటి మాట. సీజన్ ఆఖరి రోజు, పైరోడెక్స్‌తో రెండు షాట్లు. ఇంటికొచ్చేసరికి చుట్టాలు, ఆ తర్వాత ఆఫీసు, ఆ తర్వాత పిల్లాడికి జ్వరం. తుపాకీ గరాజ్ మూల సంచిలో పది రోజులు ఉండిపోయింది. తీసి తడి ప్యాచ్ తిప్పితే నల్లగా రావాలి కదా, కావిరంగులో వచ్చింది. రెండోదీ అంతే. ఎనిమిదో ప్యాచ్‌కి కూడా, తాంబూలం వేసుకున్న నోరు తుడిచిన రుమాల్లా ఎర్రగా. బ్యారెల్ లోపల దీపం వేసి చూస్తే గాడుల అంచుల మీద మొటిమల్లా గుంటలు. ఆ తుపాకీ ఇప్పటికీ ఉంది, అది కొట్టిన చోటే మళ్లీ కొట్టదు.

పైరోడెక్స్, నల్ల పొడి అయితే: బ్రీచ్ ప్లగ్ విప్పి, బకెట్‌లో సబ్బు కలిపిన వేణ్నీళ్లు పెట్టి, బ్యారెల్ అడుగు అందులో ఉంచి, పైనుంచి ప్యాచ్ చుట్టిన రాడ్‌తో సైకిల్ పంపు కొట్టినట్టు కొట్టండి. నీళ్లు నల్లబడతాయి, మార్చండి. తెల్ల ప్యాచ్ తెల్లగా వచ్చేదాకా. తర్వాత మరిగిన నీళ్లు ఒకసారి పోస్తే ఇనుము వేడెక్కి తనే ఆరిపోతుంది. వెంటనే నూనె. మర్నాడు ఇంకో ప్యాచ్ తిప్పి చూడండి, కావిరంగు కనిపిస్తే మళ్లీ. ప్లగ్ మరలకి గ్రీజు పూయకపోతే వచ్చే ఏడాది పానా వేసి వేలాడినా ఊడదు. వేటకి వెళ్లే ముందు ఆ నూనె పూర్తిగా తుడిచేయండి, మిగిలితే పొడి తడుస్తుంది.

పొడి ఎక్కడ దాచాలి? ఎన్నాళ్లు ఉంటుంది?

వచ్చిన డబ్బాలోనే. ఖాళీ హార్లిక్స్ సీసాలో పోసి పేరు రాయకుండా పెట్టడం మన ఇళ్ల అలవాటు, ఇక్కడ మాత్రం వద్దు, అన్నీ నల్లగానే ఉంటాయి. నీళ్ల హీటర్ ఉన్న గది కాకుండా, పిల్లలకి అందని చోట, తాళం వేసి. బేస్‌మెంట్ తేమగా ఉంటే మూత గట్టిగా బిగించండి. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ తెరిచిన డబ్బా తేమ పీల్చి గడ్డలు కడుతుంది, పెల్లెట్లు అంచులు రాలతాయి. అలాంటివి వేటకి తీసుకెళ్లను. ఇంకోటి, డబ్బా నుంచి నేరుగా బ్యారెల్‌లోకి ఎప్పుడూ వంచకండి. లోపల నిప్పు రవ్వ మిగిలి ఉంటే మంట డబ్బాలోకి వస్తుంది. ముందు కొలత గొట్టంలోకి, అక్కడినుంచి బ్యారెల్‌లోకి.

ట్రిగ్గర్ నొక్కాను, ప్రైమర్ పేలింది, తుపాకీ పేలలేదు. ఇప్పుడు?

కదలకండి. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం ఓ నిమిషం ఆగండి, నేను రెండు నిమిషాలు ఆగుతాను. పొడి లోపల నెమ్మదిగా రగులుతూ ఉండొచ్చు. "ఏమైందబ్బా" అని మూతిలోకి చూసే ఆ క్షణమే ప్రమాదం. ఆగాక కొత్త ప్రైమర్ పెట్టి మళ్లీ ప్రయత్నించండి. అయినా కాకపోతే ప్రైమర్ తీసేసి, ప్లగ్ విప్పి, పొడి తీసి నీళ్లలో వేయండి.

ఫైర్‌స్టిక్ అని కొత్తది వచ్చిందట?

ఫెడరల్ కంపెనీది. పొడిని ముందే ప్లాస్టిక్ గొట్టంలో మూసి ఇస్తారు, దాన్ని వెనకనుంచి పెడతారు, గుండు మాత్రం మూతినుంచి. ట్రెడిషన్స్ వాళ్ల నైట్రోఫైర్ తుపాకీ దానికోసమే వచ్చింది. మందు తీయాలంటే గొట్టం బయటికి లాగితే చాలు, ఆ సుఖం గొప్పదే. కానీ కొన్ని రాష్ట్రాలు దీన్ని మజిల్‌లోడర్ సీజన్‌లో ఒప్పుకోవు. మందు కూడా మూతినుంచి దట్టిస్తేనే మజిల్‌లోడర్ అని వాళ్ల వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది. "మందుగుండు" అన్న మాటలో మందూ గుండూ రెండూ కలిసే కదా ప్రయాణం చేసేది.

వేరే రాష్ట్రానికి వేటకి వెళ్తే నా పొడి అక్కడ చెల్లుతుందా?

ముందు ఆ రాష్ట్రం ఈ ఏటి రూల్స్ పుస్తకం తెరవండి. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో పెల్లెట్లు నిషేధం, సేబట్లు (గుండు చుట్టూ వేసే ప్లాస్టిక్ తొడుగులు) నిషేధం, స్కోపు కూడా కుదరదు. అంటే ఒహాయోలో మనం హాయిగా వాడే సరంజామా సగం అక్కడ అక్రమం. ఐడహో ఇంకా పాతకాలం మనిషి, విడి పొడే వాడాలి, 209 ప్రైమర్ కూడా ఒప్పుకోదు, కాబట్టి బ్లాక్‌హార్న్ దానంతటదే పక్కకి పోయింది. పశ్చిమాన ఎల్క్ వేట ఆశ ఉంటే మొదటినుంచీ విడి పొడి, ఇనుప సైటు, సేబట్ లేని గుండుతో అలవాటు చేసుకోవడం మేలు.

విమానంలో పొడి తీసుకెళ్లొచ్చా?

లేదు. చేతి సంచిలోనూ కాదు, చెక్-ఇన్‌లోనూ కాదు. నల్ల పొడీ అంతే, బదులు పొడీ అంతే, క్యాపులూ అంతే. తుపాకీ రూల్స్ ప్రకారం పెట్టెలో పెట్టి చెప్పి పంపొచ్చు, పొడి మాత్రం దిగిన ఊళ్లో కొనుక్కోవాలి. అక్కడ దొరుకుతుందో లేదో వెళ్లే ముందే షాపుకి ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రమాదకర సరుకు కింద అదనపు రుసుము పడుతుంది, నలుగురు కలిసి ఒకే ఆర్డరు పెడితే ఆ భారం పంచుకోవచ్చు.

హెచ్-1బీ మీద ఉన్నాను. నేను కొనొచ్చా?

మనవాళ్లు అడిగే ప్రశ్నల్లో మొదటిది ఇదే అయినా, లాయరు చెప్పాల్సిన జవాబు కాబట్టి చివరికి తోశాను. ఫెడరల్ చట్టం తాత్కాలిక వీసా వాళ్లకి తుపాకీ, మందుగుండు నిషేధించి, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చింది. మజిల్‌లోడర్లలో చాలావాటిని అదే చట్టం "పురాతన రకం"గా లెక్కేసి మామూలు తుపాకీ నిర్వచనంలోంచి తీసేసింది. వినడానికి బాగానే ఉంది కదా? కానీ రాష్ట్రం లెక్క వేరు. న్యూజెర్సీ లాంటి చోట మజిల్‌లోడర్‌కి కూడా రాష్ట్రం ఇచ్చే తుపాకీ అనుమతి కార్డు కావాలి. ఒక జింక కోసం గ్రీన్‌కార్డు ఫైలు మీద మరక తెచ్చుకోకండి. ఓ గంట లాయరుకి డబ్బు కట్టి, జవాబు కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే షాపుకి వెళ్లండి.

ఇండియాలో ఉన్నవాళ్లు అడిగితే నా జవాబు చిన్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచీ ఉంది, వేట నేరం. మూతినుంచి మందు కూరే తుపాకీకైనా ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఏజెన్సీ ఊళ్లలో నాటు తుపాకులతో ఎవరెవరు ఎలా ఇరుక్కుంటున్నారో పేపర్లో చదువుతూనే ఉంటారు. అక్కడ ఈ పేజీ పనికిరాదు.

షాటుకి ఎంత పడుతుంది?

ధరలు ఏటా మారతాయి, లెక్క మాత్రం చెప్తాను. పౌండు నల్ల పొడి, 100 చొప్పున, 70 షాట్లు. పైరోడెక్స్ తేలిక కాబట్టి అదే పౌండుకి వందకి దగ్గరగా. బ్లాక్‌హార్న్ చిన్న డబ్బా 10 ఔన్సులు, అంటే 4375 గ్రెయిన్లు, 70 తూకం చొప్పున 62 షాట్లు. డబ్బా చిన్నది, ధర పెద్దది. పెల్లెట్లు వంద ఉన్న పెట్టె, రెండేసి చొప్పున, 50 షాట్లు. నేను ఏడాదికి రేంజ్‌లో నలభై, అడవిలో రెండు కాలుస్తాను, కాబట్టి ఒక్క డబ్బా నాకు సీజన్ దాటుతుంది. ప్రతి వారం రేంజ్‌కి వెళ్లేవాళ్లు అభ్యాసానికి చవక పొడి, వేటకి ఖరీదైన పొడి అని రెండు పెట్టుకుంటామంటారు. గుండు రెండింటికీ ఒకే చోట పడదు, స్కోపు మళ్లీ మళ్లీ తిప్పుకోవాలి. నేనైతే ఒక్కటే పెట్టుకోమంటాను.

గరాజ్ సేల్‌లో సగం నిండిన పాత డబ్బా ఒకటి దొరికింది, పైన పైరోడెక్స్ అని ఉంది. వాడొచ్చా?

లేబుల్ పైరోడెక్స్‌దే, లోపల ఏముందో ఆ ఇంటాయనకే తెలియాలి. అసలు నల్ల పొడి పోసి ఉండొచ్చు, స్మోక్‌లెస్ పోసి ఉండొచ్చు, రెండు రకాలు అడుగూ బొడుగూ కలిపి ఉండొచ్చు. నాకొకడు అలాంటిదే తెచ్చి చూపించాడు, కాగితం మీద కొద్దిగా పోస్తే సగం బూడిదరంగు గింజలు, సగం మెరిసే నల్ల గింజలు. మీ అగ్నిమాపక స్టేషన్‌కి గానీ, కౌంటీ ప్రమాదకర చెత్త విభాగానికి గానీ ఫోన్ చేసి ఎలా వదిలించుకోవాలో అడగండి. వాడు డబ్బాకి రెండు డాలర్లు ఇచ్చాడట, ఆ రెండు డాలర్లకే ఇంకా ఏడుస్తున్నాడు.